నీరసం పోవాలంటే టెస్టోస్టిరాన్ వేయించుకోవాలా?

"ఒంట్లో ఓపిక ఉండటం లేదు డాక్టరుగారూ" అని నలభై దాటిన మగవాడు వెళ్తే ఒకప్పుడు షుగరు, బీపీ, థైరాయిడ్ పరీక్షలు రాసి పంపేవాళ్లు. ఇప్పుడా వరసలో టెస్టోస్టిరాన్ కూడా చేరింది. నగరాల్లోని ల్యాబులు మగవాళ్ల కోసం అమ్ముతున్న ప్యాకేజీల్లో ఆ పరీక్ష తరచూ కనిపిస్తోంది. జిమ్ములో ట్రైనరు దాని గురించి చెబుతాడు. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఫోన్లలోనైతే, రెండు ప్రశ్నలకు జవాబిస్తే మందు ఇంటికి పంపుతామనే ప్రకటనలకు కొదవే లేదు. రిపోర్టులో అంకె కాస్త తగ్గి కనిపిస్తే చాలు, ఇన్నాళ్ల నీరసానికి కారణం దొరికిందని మనసు కుదుటపడుతుంది. నీరసం ఒక్కటే బాధ అయినప్పుడు ఈ హార్మోను మొదలుపెట్టవచ్చా అన్నది ఇక్కడ ప్రశ్న. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనంతా కలిపి చూస్తే నాకు కనిపించే జవాబు: వద్దు. కానీ ఆ జవాబు దగ్గర ఆగిపోతే, నిజంగా ఈ మందు కావలసినవాడికి అన్యాయం చేసినవాళ్లం అవుతాం. అందుకే ఇంత వివరంగా రాయవలసి వస్తోంది.

మగతనపు రసంతో వయసు వెనక్కి మళ్లుతుందన్న ఆశ ఈనాటిది కాదు. 1889 జూన్‌లో పారిస్‌లో బ్రౌన్ సెకార్ అనే పేరుమోసిన శరీరధర్మ శాస్త్రవేత్త తోటి శాస్త్రవేత్తల సభలో లేచి, కుక్కల, గినీపందుల వృషణాల నుంచి తీసిన ద్రవాన్ని తానే ఎక్కించుకున్నానని ప్రకటించాడు. అప్పటికి ఆయనకు 72 ఏళ్లు. బలం తిరిగొచ్చింది, మెట్లు చకచకా ఎక్కుతున్నాను, గంటల తరబడి పని చేయగలుగుతున్నాను అన్నాడు. కొద్ది కాలంలోనే ఐరోపాలో, అమెరికాలో వేలమంది ఆ ద్రవం కోసం ఎగబడ్డారు. తరువాత తెలిసిందేమిటంటే, నీటితో తీసిన ఆ రసంలో టెస్టోస్టిరాన్ ఉన్నా లేనట్టే. ఆ హార్మోను నీటిలో సరిగా కరగదు. ఆయనకు ఓపిక తెచ్చింది నమ్మకమే. అసలు హార్మోనును ఆమ్‌స్టర్‌డామ్‌లో ఎర్నెస్ట్ లాకర్ బృందం ఎద్దుల వృషణాల నుంచి విడదీసింది 1935లో. అదే ఏడు బ్యూటెనాంట్, రుజిచ్కా దాన్ని ప్రయోగశాలలో తయారు చేశారు. 1939 రసాయన శాస్త్ర నోబెల్ వాళ్లిద్దరికీ దక్కింది.

నమ్మకం నీరసాన్ని ఎంతవరకు తగ్గించగలదో ఈ కథ చెబుతుంది కాబట్టే ఇంతసేపు చెప్పాను. నీరసం మీద ఏ మందును పరీక్షించినా ఉత్తుత్తి మందు తీసుకున్నవాళ్లలో కూడా కొందరికి ఓపిక వస్తుంది. పక్కింటాయనకు సూది వేశాక హుషారొచ్చిందనే మాట అబద్ధం కాకపోవచ్చు. అది సాక్ష్యం మాత్రం కాదు.

ఈ మందు జనంలోకి ఇంతగా వచ్చింది 2000 తరువాత, అమెరికాలో ఒంటికి రాసుకునే జెల్ అమ్మకానికి వచ్చాక. రెండు మూడు వారాలకోసారి సూదికి వెళ్లాల్సిన బాధ తప్పింది. దాంతోపాటు 'లో టీ' (తక్కువ టెస్టోస్టిరాన్) అనే మాట టీవీ ప్రకటనల్లోకి ఎక్కింది. సెయింట్ లూయిస్ విశ్వవిద్యాలయంలో తయారైన పది ప్రశ్నల జాబితా ఒకటి బాగా చలామణి అయింది. ఓపిక తగ్గిందా? రాత్రి భోజనం కాగానే నిద్ర ముంచుకొస్తోందా? దిగులుగా, చిరాకుగా ఉంటోందా? ఏ మూడింటికి అవునన్నా పరీక్ష చేయించుకోమనేది దాని సారం. నలభై ఐదేళ్లవాడు, ఇంటి అప్పు నెత్తిన ఉన్నవాడు ఎవడైనా ఈ మూడింటికీ అవుననే అంటాడు. 2001 నుంచి 2011 మధ్య అమెరికాలో నలభై దాటిన మగవాళ్లలో ఈ మందు వాడేవాళ్లు మూడు రెట్లకు పైగా పెరిగారు. చివరికి 2015లో అక్కడి ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కల్పించుకుని, వయసు మీద పడటం వల్ల హార్మోను తగ్గినవారికి ఈ మందు పనిచేస్తుందని, క్షేమమని రుజువు కాలేదని మందు కాగితంలో రాయించింది.

ఇక అసలు ప్రశ్న. ఓపిక పెరుగుతుందా?

దీన్ని తేల్చడానికే అమెరికాలో టీ ట్రయల్స్ అనే పెద్ద అధ్యయనం జరిగింది. ప్రధాన ఫలితాలు 2016లో వచ్చాయి. 65 ఏళ్లు దాటిన 790 మందిని తీసుకున్నారు. వాళ్లందరికీ టెస్టోస్టిరాన్ డెసిలీటరు రక్తానికి 275 నానోగ్రాములకన్నా తక్కువ. అంటే ఏదో కొద్దిగా తగ్గినవాళ్లు కారు, నిజంగా తక్కువ ఉన్నవాళ్లే. సగం మందికి మందున్న జెల్, సగం మందికి మందు లేని జెల్, ఏడాదిపాటు. ఎవరికి ఏది అందుతోందో వాళ్లకూ తెలియదు, డాక్టర్లకూ తెలియదు. లైంగిక వాంఛ, అంగస్తంభన మెరుగయ్యాయి, అదీ ఓ మోస్తరుగా. మనసు కొంచెం తేలికపడింది. రక్తహీనత ఉన్నవాళ్లలో హిమోగ్లోబిన్ పెరిగింది, ఎముకల సాంద్రత పెరిగింది. జ్ఞాపకశక్తి పెరగలేదు. ప్రత్యేకంగా నీరసాన్ని కొలవడానికి పెట్టిన భాగంలో మాత్రం, మందు వాడినవాళ్లకూ వాడనివాళ్లకూ చెప్పుకోదగ్గ తేడా రాలేదు. తరువాతి అధ్యయనాల్లో స్వల్పమైన మెరుగుదల కనిపించిన సందర్భాలున్నాయి కానీ, అది మనిషికి తెలిసేంత పెద్దది కాదు. ఈ సాక్ష్యాన్నంతా పరిశీలించి 2020లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ సూటిగానే చెప్పింది: ఓపిక కోసం, హుషారు కోసం, ఒంటి బలం కోసం, జ్ఞాపకశక్తి కోసం వయసు మళ్లినవారికి ఈ మందు మొదలుపెట్టవద్దు. లైంగిక సమస్య ఉండి, హార్మోను కూడా తక్కువైతే రోగితో మాట్లాడి ఆలోచించవచ్చు. అది కూడా ఏడాది లోపు తిరిగి చూసి, గుణం కనిపించకపోతే ఆపాలి.

ఐరోపాలో ఎనిమిది నగరాల్లో 40 నుంచి 79 ఏళ్ల మగవాళ్లు మూడు వేలమందికి పైగా పాల్గొన్న మరో అధ్యయనం 2010లో వచ్చింది. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో అన్నిటికన్నా ఉపయోగపడేది ఇదే. టెస్టోస్టిరాన్ లోపానికి ఏ లక్షణాలు నిజంగా ముడిపడి ఉన్నాయని వాళ్లు వెతికారు. ముప్పైకి పైగా లక్షణాలను జల్లెడ పడితే గట్టిగా నిలిచినవి మూడే: కోరిక తగ్గడం, తెల్లవారుజామున సహజంగా వచ్చే స్తంభనలు తగ్గడం, కలయికలో స్తంభన సరిగా లేకపోవడం. ఈ మూడూ ఉండి హార్మోను కూడా తక్కువగా ఉన్నవాళ్లు నూటికి ఇద్దరు. మిగతా నీరసమంతా వేరేచోట నుంచి వస్తున్నదే. మన దగ్గర ఈ ప్రశ్నలు అడగడానికి డాక్టరుకు మొహమాటం, చెప్పడానికి రోగికి సిగ్గు. పక్కన భార్య ఉంటే ఇక నోరే పెగలదు. దాంతో చెప్పగలిగే మాట ఒకటే మిగులుతుంది, నీరసం. ఆ నీరసం వెనక దాగినది లైంగిక సమస్యో, దిగులో, షుగరో తేలకుండానే చీటీ మీద మందు పేరు పడిపోతుంది.

ఇప్పుడు ఒక రిపోర్టు చదువుదాం. ఊహించినదే కానీ, ఇలాంటివి రోజూ కనిపిస్తాయి. వయసు 43. శాంపిల్ తీసిన సమయం సాయంత్రం 4.40. టోటల్ టెస్టోస్టిరాన్ 268. పక్కన బాణం గుర్తు, కింద బోల్డు అక్షరాలు. ఈ కాగితంలో ముందు చూడాల్సింది అంకె కాదు, గడియారం. టెస్టోస్టిరాన్ పొద్దున్నే ఎక్కువగా ఉండి సాయంత్రానికి దిగుతుంది. తిండి తిన్నాక ఇంకా తగ్గుతుంది. అందుకే పరగడుపున, ఉదయం పది లోపు ఇచ్చిన రక్తంతోనే తేల్చాలి. ఒక్కసారి చాలదు, మరో రోజు మళ్లీ చూడాలి. మొదటిసారి తక్కువ వచ్చినవాళ్లలో చాలామందికి రెండోసారి మామూలుగానే వస్తుంది. జ్వరం వచ్చి తగ్గిన వారంలో, ఆసుపత్రిలో పడి లేచిన నెలలో చూస్తే ఎవరికైనా తగ్గే ఉంటుంది. గీత ఎక్కడ గీయాలన్నదాని మీద నిపుణుల సంఘాలకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా యూరాలజిస్టుల సంఘం 300 అంటుంది, అక్కడి ఎండోక్రైన్ సొసైటీ 264 దగ్గర గీసింది. ఆ ముప్పై ఆరు అంకెల మధ్య ఎంతోమంది ఆరోగ్యవంతులు ఉంటారు.

ఇంకో సంగతి. ఈ హార్మోనులో పెద్ద భాగం రక్తంలో ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీనుకు అంటుకుని తిరుగుతుంది. పొట్ట వచ్చినవాళ్లలో ఆ ప్రొటీనే తగ్గుతుంది కాబట్టి టోటల్ అంకె తక్కువగా కనిపించినా, ఒంటికి అందే హార్మోను సరిపడానే ఉండొచ్చు. అలాంటప్పుడు ఎస్‌హెచ్‌బీజీ కూడా కొలిచి, లెక్కగట్టి ఫ్రీ టెస్టోస్టిరాన్ చూడాలి.

రెండు ఉదయాలూ నిజంగానే తక్కువ వచ్చిందనుకుందాం. అప్పుడైనా మందు రాయడానికి ముందు ఇంకో ప్రశ్న ఉంది: లోపం ఎక్కడ? వృషణాల్లోనా, వాటిని నడిపించే పిట్యూటరీ గ్రంథిలోనా? దీనికి ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్ అనే మూడు పిట్యూటరీ హార్మోన్ల పరీక్షలు చాలు. ఈ మూడూ చూడకుండా సూది మొదలుపెట్టడం నాకు అసలు మింగుడుపడని విషయం. ఎందుకంటే ఒకసారి బయటి హార్మోను ఒంట్లో పడ్డాక ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అణిగిపోతాయి, అసలు కారణం ఆనవాలు ఇక దొరకదు.

ఆ కారణాలు చిన్నవి కావు. ఎల్‌హెచ్ బాగా పెరిగి, వృషణాలు చిన్నగా, గట్టిగా ఉంటే అది క్లైన్‌ఫెల్టర్ కావచ్చు. పుట్టుకతోనే ఒక ఎక్స్ క్రోమోజోము అదనంగా ఉండటం అన్నమాట. సుమారు ఆరేడు వందల మంది మగవాళ్లలో ఒకరికి ఉంటుంది, ఎక్కువమందికి జీవితాంతం తెలియనే తెలియదు. పెద్దయ్యాక గవదబిళ్లలు వచ్చి వృషణాలు వాచినవాళ్లూ ఈ కోవలోనే ఉంటారు. ఎల్‌హెచ్ కూడా తక్కువగా ఉంటే చూడాల్సింది తలలో. ప్రొలాక్టిన్ బాగా పెరిగి ఉంటే పిట్యూటరీలో చిన్న గడ్డ ఉండొచ్చు. దానికి మందు టెస్టోస్టిరాన్ కాదు, వారానికి ఒకటి రెండుసార్లు వేసుకునే మాత్ర. దానితోనే గడ్డ చాలావరకు కరుగుతుంది, సొంత హార్మోను కూడా తిరిగి రావచ్చు. తలసేమియాతో చిన్నప్పటి నుంచి రక్తం ఎక్కించుకుంటున్న అబ్బాయిల్లో ఇనుము పేరుకుని పిట్యూటరీ దెబ్బతింటుంది, మీసం మొలవాల్సిన వయసులో మొలవదు.

పల్లెల్లోని డాక్టర్లు ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవలసిన కారణం మరొకటుంది, రక్తపింజరి కాటు. ఆ విషం పిట్యూటరీలో రక్తస్రావం చేసి దాన్ని ఎండబెట్టగలదని బర్మాలోనూ మన దక్షిణ భారతంలోనూ వైద్యులు నమోదు చేశారు. వరిచేలో కాటు తిని, కిడ్నీలు పాడై, డయాలసిస్‌తో గట్టెక్కిన మనిషి నెలలకో ఏళ్లకో వచ్చి నీరసమంటాడు. గడ్డం గీసుకోవాల్సిన అవసరం తగ్గిందంటాడు. ఆకలి లేదు, లేచి నిలబడితే కళ్లు తిరుగుతాయి. ఈయనకు టెస్టోస్టిరాన్ తక్కువే, మందు అవసరమే. కానీ అతని ప్రాణానికి ముప్పుగా ఉన్నది కార్టిసాల్ అనే మరో హార్మోను లోపం. ముందు అది సరిచేయాలి, ఆ తరువాత థైరాయిడ్, ఆఖరున టెస్టోస్టిరాన్. రిపోర్టులో ఒక్క అంకె చూసి సూది వేసి పంపిస్తే, తరువాత ఏ జ్వరానికో అతను కుప్పకూలవచ్చు. ఇలాంటివాళ్లకు, క్లైన్‌ఫెల్టర్ కుర్రాళ్లకు ఈ హార్మోను నిజంగా కొత్త జీవితం ఇస్తుంది. కండ పడుతుంది, గొంతు మారుతుంది, ఎముక గట్టిపడుతుంది, నలుగురిలో తలెత్తుకుని తిరుగుతారు. నీరసమంటూ వచ్చిన ప్రతివాడికీ సూది రాస్తున్న ఈ కాలంలోనే వీళ్లు గుర్తింపు లేకుండా మిగిలిపోవడం నన్ను బాధపెడుతుంది.

మిగతా ఎక్కువమందిలో హార్మోను తగ్గడానికి కారణం వృషణాల్లోనూ లేదు, పిట్యూటరీలోనూ లేదు. పొట్టలో ఉంది, నిద్రలో ఉంది, షుగరులో ఉంది. టైప్ 2 షుగరున్న 103 మంది మగవాళ్లను అమెరికాలో పరీక్షిస్తే మూడో వంతు మందికి ఫ్రీ టెస్టోస్టిరాన్ తక్కువగా తేలిందని 2004లో వచ్చిన పరిశోధన చెప్పింది. షికాగోలో ఆరోగ్యంగా ఉన్న పదిమంది కుర్రాళ్లను వారంపాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిస్తే పగటిపూట టెస్టోస్టిరాన్ పది నుంచి పదిహేను శాతం పడిపోయింది. అమెరికా క్లయింటు కోసం రాత్రి రెండింటి దాకా కాల్స్‌లో కూర్చుని, పొద్దున్నే పిల్లల స్కూలు బస్సుకు లేచే హైదరాబాదు ఉద్యోగికి ఇది కొత్త సంగతి కాదు. గట్టిగా గురకపెట్టి, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడేవాళ్లకు పగలంతా మగతే. వాళ్లకు కావలసింది స్లీప్ స్టడీ. ఆ జబ్బు ముదిరి ఉండగా టెస్టోస్టిరాన్ ఇస్తే అది మరింత ముదరవచ్చు కూడా. నడుంనొప్పికని నెలల తరబడి ట్రమడాల్ లాంటి మాత్రలు వాడేవాళ్లకు, రోజూ మందు కొట్టేవాళ్లకు, ఉబ్బసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్లు మింగేవాళ్లకు కూడా ఈ హార్మోను తగ్గుతుంది. బరువు పది శాతం తగ్గితే అంకె దానంతటదే పైకి వస్తుంది. వీటితోపాటు రక్తహీనత, బీ12, థైరాయిడ్, కిడ్నీ, కాలేయం, క్షయ, డిప్రెషన్... నీరసానికి తలుపులు చాలా ఉన్నాయి, వీటిని ముందు తట్టాలి.

ఇక్కడ ఒక వాదన వినిపిస్తుంది: పొట్ట, షుగరు ఉన్నవాళ్లకు టెస్టోస్టిరాన్ ఇస్తే అవి కూడా తగ్గుతాయి కదా అని. పూర్తిగా కొట్టిపారేయలేం. ఆస్ట్రేలియాలో నడుము చుట్టుకొలత పెరిగిన 1,007 మందికి ఆహార, వ్యాయామ కార్యక్రమంతో పాటు రెండేళ్లు ఈ సూది లేదా ఉత్తుత్తి సూది ఇచ్చిన అధ్యయనం 2021లో వచ్చింది. రెండేళ్ల చివర షుగరు ఉన్నట్టు తేలినవాళ్లు ఉత్తుత్తి మందు గుంపులో 21 శాతం, సూది గుంపులో 12 శాతం. మంచి ఫలితమే. కానీ సూది వేసుకున్నవాళ్లలో నూటికి 22 మందికి రక్తం ప్రమాదకరంగా చిక్కబడింది, రెండో గుంపులో నూటికి ఒక్కరికే. షుగరును ఆపడానికి ఇంతకన్నా సురక్షితమైన దారులు మనకున్నాయి.

సూది మొదలైతే ఒంట్లో ఏం జరుగుతుందో పెళ్లికాని, పిల్లలు లేని మగవాళ్లకు తప్పనిసరిగా తెలియాలి. పిట్యూటరీ వదిలే ఎల్‌హెచ్ వృషణాల చేత టెస్టోస్టిరాన్ తయారు చేయిస్తుంది. రక్తంలో సరిపడా ఉందనిపిస్తే ఆ సంకేతం ఆగుతుంది. మేడమీది ట్యాంకులో ట్యాంకరు నీళ్లు నింపితే బోరు మోటారు తనంతట తాను ఆగిపోయినట్టు, బయటి నుంచి హార్మోను అందగానే వృషణాలు పని మానేస్తాయి. చిన్నబడతాయి. వీర్యకణాలు పడిపోతాయి, చాలామందిలో కొన్ని నెలల్లో పూర్తిగా సున్నా అవుతాయి. ఇది ఎంత ఖాయమంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ వారానికి 200 మిల్లీగ్రాముల టెస్టోస్టిరాన్ ఎనాంథేట్ సూదిని మగవాళ్ల గర్భనిరోధక మందుగా పరీక్షించింది. 1990లో ఫలితాలు వచ్చాయి, పనిచేసింది. చికిత్సకు వాడేది దానికి సగం మోతాదు, అంతే. పెళ్లై పిల్లల కోసం ఎదురుచూస్తున్న ఇంట్లో, భర్త నీరసానికని వేయించుకున్న సూది భార్య చుట్టూ జరిగే పరీక్షలన్నిటికీ కారణం కావచ్చు. మన కుటుంబాల్లో ముందు అనుమానించేది ఆమెనే. ఆపితే వీర్యకణాలు ఎక్కువమందిలో ఆరు నుంచి పన్నెండు నెలల్లో తిరిగి వస్తాయి, కొందరికి రెండేళ్లు పట్టొచ్చు. జిమ్ముల్లో పెద్ద మోతాదులు ఏళ్లపాటు వాడినవాళ్లకు ఆ భరోసా కూడా ఇవ్వలేం.

ఆపిన తొలి నెలల్లో సొంత హార్మోను ఇంకా మేలుకోదు, బయటిది అందదు. ముందున్న నీరసం కన్నా ఎక్కువ నీరసం వస్తుంది. "చూశారా, ఆపితే ఎలా అయిపోయానో, నాకిది కావాల్సిందే" అని రోగి మళ్లీ మొదలుపెడతాడు. ఇలా అవసరం లేనివాడు కూడా జీవితాంతం దానికి కట్టుబడిపోతాడు.

మందు రూపాల గురించి క్లుప్తంగా. మన మార్కెట్లో రెండు మూడు వారాలకోసారి వేసే నూనె సూదులు చవక. కానీ వేసిన మొదటి రోజుల్లో హార్మోను ఆకాశానికెక్కి, తరువాతి సూది దగ్గరపడేసరికి నేలకు దిగుతుంది, మనిషి హుషారూ చిరాకూ దాంతోపాటే ఊగుతాయి. పది పన్నెండు వారాలకు ఒకసారి వేసే వెయ్యి మిల్లీగ్రాముల సూది నిలకడగా ఉంటుంది. దాన్ని పిరుదులో లోతుగా, నిదానంగా వేయాలి. జెల్ అన్నిటికన్నా సహజంగా పనిచేస్తుంది కానీ ఇంట్లో చిన్నపిల్లలుంటే జాగ్రత్త. భుజానికి రాసుకుని, చేతులు కడుక్కోకుండా, అది ఆరకముందే పాపను ఎత్తుకుంటే ఆ మందు పాప ఒంటికి అంటుతుంది. అలా అంటుకున్న పిల్లల్లో వయసుకు ముందే యుక్తవయసు లక్షణాలు కనిపించిన కేసులు రావడంతోనే 2009లో ఎఫ్‌డీఏ జెల్ మందు కాగితంలో నల్లగీతల హెచ్చరిక పెట్టించింది.

గుండె సంగతి చాలాకాలం నలిగింది. వృద్ధుల మీద జరుగుతున్న ఒక అధ్యయనాన్ని, మందు వాడేవాళ్లలో గుండె ఇబ్బందులు ఎక్కువ కనిపించి మధ్యలోనే ఆపేశారని 2010లో వెల్లడైంది. చివరికి ట్రావర్స్ అనే అధ్యయనంలో గుండెజబ్బు ఉన్న, లేదా వచ్చే అవకాశం బాగా ఉన్న ఐదు వేలమందికి పైగా మగవాళ్లను చూశారు. 2023లో ఫలితం: గుండెపోటు, పక్షవాతం, గుండె మరణాలు కలిపి మందు వాడినవాళ్లలో 7 శాతం, వాడనివాళ్లలో 7.3 శాతం. భయం తీరింది. కానీ గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టడం, కిడ్నీలు హఠాత్తుగా దెబ్బతినడం మందు గుంపులో కొంచెం ఎక్కువగా కనిపించాయి. ఎముకలు గట్టిపడతాయని ఆశించినచోట విరగడాలు కూడా ఎక్కువే అయ్యాయి. ఎందుకో ఇంకా ఎవరూ తేల్చలేదు. ప్రోస్టేట్ క్యాన్సర్ భయం 1941లో చార్లెస్ హగ్గిన్స్ పరిశోధనతో మొదలైంది. అందులో టెస్టోస్టిరాన్ వల్ల క్యాన్సర్ పెరుగుతుందన్న భాగం బహు కొద్దిమంది రోగుల మీద ఆధారపడిందని తరువాత బయటపడింది. కొత్తగా క్యాన్సర్ పుట్టిస్తుందనేందుకు ట్రావర్స్‌లో ఆధారం దొరకలేదు. అయినా ప్రోస్టేట్ క్యాన్సర్ ఉన్నవాళ్లకు ఇది ఇవ్వకూడదు. ఆరు నెలల లోపు గుండెపోటో పక్షవాతమో వచ్చినవాళ్లకూ వద్దు. మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ మూడు నుంచి ఆరు నెలల్లో, తరువాత ఏటా హిమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల వాటా) చూడాలి. 54 శాతం దాటితే ఆపాలి.

నీరసంతో బాధపడుతున్న పాఠకుడికి నా విన్నపం ఇది. పరగడుపున రెండు వేర్వేరు ఉదయాల్లో ఇచ్చిన రక్తపు రిపోర్టులు, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, హిమటోక్రిట్, వయసును బట్టి ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ చేతిలో లేకుండా మొదటి సూది వేయించుకోకండి. ఇంకా పిల్లలు కావాలనుకుంటే ఆ మాట డాక్టరుకు ముందే చెప్పండి. కోరిక, స్తంభన తగ్గిన సంగతి ఆయన అడగకపోయినా సిగ్గుపడకుండా మీరే చెప్పండి, పాము కాటు, గవదబిళ్లలు, తలకు దెబ్బ లాంటి పాత సంగతులు కూడా. పైవన్నీ చూశాక కూడా ఎండోక్రినాలజిస్టు ఈ మందు మీకు అవసరమంటే, భయపడకుండా మొదలుపెట్టండి.